గామా పాల ఖాతా

మన ఇళ్లల్లో సన్నగా పుల్లలా ఉన్న పిల్లాడు చొక్కా చెయ్యి పైకి మడిచి కండ చూపించాడనుకోండి, ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే గామా పహిల్వాన్ వచ్చాడ్రోయ్ అని ఎగతాళి చేస్తారు. నేను చాలా ఏళ్లు గామా అంటే పేదరాశి పెద్దమ్మ లాంటి కల్పిత పాత్ర అనుకున్నాను. హాస్టల్‌కి వచ్చాక తెలిసింది, నిజంగా ఉన్న మనిషేనని.

ఎలా తెలిసిందంటే, ప్రతి సెమిస్టర్ మొదట్లో మా ఫ్లోర్‌లో కనీసం నలుగురు బల్కింగ్ మొదలుపెడతారు. గుడ్లు, అరటిపళ్లు, పీనట్ బటర్, ప్రోటీన్ డబ్బా. ఒకడైతే మెస్ బిల్లు కంటే డబ్బాకే ఎక్కువ పెట్టాడు. వీళ్ల మధ్య గామా మెనూ ఒకటి తిరుగుతూ ఉంటుంది: రోజుకి ఇన్ని లీటర్ల పాలు, ఇన్ని నాటుకోళ్లు, ఇంత బాదం. అందరూ చదివి వామ్మో అంటారు. అన్ని పాలు ఎలా అరిగాయి అని అడిగినవాళ్లు ఉన్నారు గానీ, ఆ పాలకి డబ్బులు ఎవరిచ్చారు అని అడిగినవాడు ఒక్కడూ లేడు. నాకు ఆ రెండో ప్రశ్నే పట్టుకుంది.

గామా అసలు పేరు గులాం మహమ్మద్. 1878లో పంజాబ్‌లోని అమృత్‌సర్ ప్రాంతంలో, జబ్బోవాల్ అనే ఊళ్లో పుట్టాడు. కాశ్మీర్ మూలాలున్న కుస్తీ కుటుంబం వాళ్లది. తండ్రి అజీజ్ బక్ష్ దతియా సంస్థానంలో వస్తాదు. దతియా ఇప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉంది, ఝాన్సీకి దగ్గర. గామాకి ఆరేళ్లు వచ్చేసరికే తండ్రి పోయాడు. అప్పట్నుంచి తల్లి తరఫు తాతగారు నూన్ పహిల్వాన్ పెంచాడు. కొంతకాలానికి ఆయనా పోయాడు. తర్వాత మేనమామ ఈదా పహిల్వాన్ చేతికొచ్చాడు పిల్లాడు. తండ్రి పోయినా, తాత పోయినా, ఒక్క విషయం మాత్రం ఇంట్లో ఎవరూ మార్చలేదు. వీణ్ణి పెద్ద వస్తాదుని చెయ్యాలి. అంతే.

పదేళ్లకే రోజుకి 500 బస్కీలు తీసేవాడట. బస్కీ అంటే తెలియనివాళ్లకి: చెవులు పట్టుకోకుండా తీసే గుంజీళ్లు అనుకోండి, కాకపోతే ఇంకా కిందికి, ఇంకా వేగంగా. ఆ తర్వాత గోదాలో మట్టి తవ్వడం. గోదా మట్టిని రోజూ పారతో తిరగేసి మెత్తగా చెయ్యాలి, లేకపోతే పడినప్పుడు ఎముకలు విరుగుతాయి. ఆ తవ్వడం కూడా కసరత్తు కిందే లెక్క.

తిండి సంగతికొస్తే, ఆ వయసులో గామాకి పెట్టింది ముఖ్యంగా పాలు, బాదం, పళ్లరసం. మాంసం లేదు. ఇది చదివి నేను ఆశ్చర్యపోయాను. మనవాళ్లు ఒళ్లు చెయ్యాలనుకున్న మొదటిరోజే డజను గుడ్లు ఉడకబెట్టుకుంటారు కదా. అక్కడ పద్ధతి వేరు. ముందు తేలిగ్గా అరిగేది పెట్టి, కసరత్తు పెరిగేకొద్దీ తిండి బరువు పెంచుకుంటూ పోతారు. మాంసం వంతు వచ్చేసరికి గామాకి పదిహేనేళ్లు.

1888లో జోధ్‌పూర్ మహారాజు ఒక పోటీ పెట్టాడు. కుస్తీ పోటీ కాదు, బస్కీల పోటీ. దేశం నలుమూలల నుంచి 400 మందికి పైగా వస్తాదులు వచ్చారు. అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి, ఓపిక అయిపోయినవాడు పక్కకి తప్పుకోవాలి. గంటలు గడిచాయి. వందలమంది కూలబడ్డారు. చివరికి ఓ పదిహేనుమంది మిగిలితే, వాళ్లలో ఒకడు పదేళ్ల గామా. మిగిలినవాళ్లంతా గడ్డాలూ మీసాలూ వచ్చిన మగాళ్లు. మహారాజు ఆ పిల్లాణ్ణే విజేతగా ప్రకటించాడు. ఎన్ని బస్కీలు తీశాడన్నది ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు, వేలల్లోనే. ఆ తర్వాత ఒళ్లంతా పట్టేసి కొన్నాళ్లు మంచం దిగలేదన్న మాట మాత్రం అందరూ చెబుతారు. లెగ్ డే మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకుని నడిచే మా వాళ్లకి ఇది కాస్త ఊరట.

ఆ గెలుపుతో గామాకి వచ్చిన అసలు బహుమతి పేరు కాదు. దతియా రాజు అతన్ని తన ఆశ్రయంలోకి తీసుకున్నాడు. అంటే ఆ రోజు నుంచి గామా తిండి ఖర్చు ఒక సంస్థానం ఖజానాది.

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మెనూలో కనపడని సగం ఇదే. ఆ రోజుల్లో సంస్థానాధీశులకి కుస్తీ వస్తాదులు అంటే ఇవాళ్టి క్రికెట్ జట్ల యజమానులకి ఆటగాళ్లు ఎలాగో అలాగ. మా వస్తాదు మీ వస్తాదుని పడగొట్టాడు అంటే రాజుగారి మీసం లేచినట్టే. అందుకని వస్తాదుని కొలువులో పెట్టుకునేవారు. జీతం ఒకటి, ఖురాకు ఒకటి. ఖురాకు అంటే వస్తాదు తిండి. బదులుగా అతను చెయ్యాల్సిన పని కసరత్తు చెయ్యడం, తినడం, పడుకోవడం. నిద్ర కూడా ఉద్యోగంలో భాగమే. అఖాడాల్లో పద్ధతి ఎలా ఉంటుందంటే, ఇంకా చీకటి ఉండగానే లేచి దండీలు, బస్కీలు. తెల్లారాక గోదాలో కుస్తీ. ఒంటికి నూనె మర్దనా. స్నానం, తిండి, ఒక మంచి నిద్ర. సాయంత్రం మళ్లీ కసరత్తు, మళ్లీ తిండి, పెందరాళే పడక. ఎనిమిది గంటల ల్యాబు, బ్యాక్‌లాగులు, రాత్రి రెండింటిదాకా అసైన్‌మెంట్లు ఈ చట్రంలో ఎక్కడా ఇమడవు. నేల దున్నుకునే రైతుకీ, కూలీకీ కూడా ఇమడవు. ఒళ్లు పెంచడానికి అన్నిటికంటే ముందు కావలసింది తీరిక. ఆ తీరికని రాజు కొనిపెట్టాడు.

ఇక తిండి. పెద్దవాడయ్యాక గామా ఖురాకులో పాలూ బాదంతో పాటు నెయ్యి, వెన్న, మాంసం, యఖ్నీ చేరాయి. యఖ్నీ అంటే ఎముకలు, కీళ్లు, నరాలు వేసి గంటల తరబడి మరిగించి దించే జిగురు రసం. మన పాయాకి చుట్టం. అది తాగితే మోకాళ్లు, చీలమండలు గట్టిపడతాయని వాళ్ల నమ్మకం. బాదంపప్పుని రాత్రంతా నానబెట్టి, తొక్క తీసి, రాతి మీద ముద్దలా నూరి పాలల్లో కలుపుతారు. నెయ్యి కరిగించి అదే పాలల్లో పోసుకుని తాగడం కూడా అఖాడాల్లో మామూలే. హిందూ వస్తాదుల్లో మాంసం ముట్టనివాళ్లు బోలెడుమంది, ముస్లిం వస్తాదుల్లో తినేవాళ్లు ఎక్కువ. కానీ పాలు, నెయ్యి, బాదం, ఈ మూడింటి దగ్గర ఇద్దరికీ తేడా లేదు.

ఎంత తినేవాడు? ఇక్కడే కథలు మొదలు. ఒకచోట రోజుకి ఏడెనిమిది లీటర్ల పాలు అని ఉంటుంది, ఇంకోచోట పది, మరోచోట ఏకంగా ఇరవై. బాదం ముద్ద ముప్పావు కిలో దాకా, నాటుకోళ్లు ఆరు. కసరత్తు సంగతి మాత్రం చాలామంది ఒకే మాట చెబుతారు: 5000 బస్కీలు, 3000 దండీలు, పైన రోజుకి నలభైమందితో వరుసగా కుస్తీ.

మనం ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ఒకసారి లెక్క వేద్దాం. 90 కిలోల మనిషి బస్కీ తీసి లేచినప్పుడు ఒంటి బరువు దాదాపు అర మీటరు పైకి వస్తుంది అనుకుందాం. ఫస్టియర్ ఫిజిక్స్ సూత్రంలో వేస్తే ఒక్కో బస్కీకి సుమారు 440 జౌళ్లు. 5000కి 22 లక్షల జౌళ్లు. మన కండరాల సామర్థ్యం 20 నుంచి 25 శాతం. అంటే ఒంట్లో ఖర్చయ్యేది సుమారు 2100 నుంచి 2600 కిలోకేలరీలు. గేదెపాలు లీటరుకి వెయ్యి కిలోకేలరీలు ఇస్తాయి, కాస్త అటూ ఇటూగా. అంటే 5000 బస్కీలకి రెండు, రెండున్నర లీటర్ల పాలు. రెండు సెకన్లకి ఒకటి చొప్పున తీసినా ఆ 5000కి రెండు గంటల నలభైఏడు నిమిషాలు పడుతుంది, ఆగకుండా.

దండీలు, కుస్తీ, మట్టి తవ్వడం, ఊరికే బతకడానికి కావలసింది, అన్నీ కలుపుకున్నా ఏడెనిమిది లీటర్ల పాలకి సరిపడా ఖర్చు ఉండొచ్చు, నమ్మొచ్చు. కానీ ఇరవై లీటర్ల పాలు, ముప్పావు కిలో బాదం, ఆరు కోళ్లు, నెయ్యి, అన్నీ ఒకే మనిషి ఒకే రోజు తిన్నాడంటే నా కాలిక్యులేటర్ ఒప్పుకోవడం లేదు. నా అనుమానం ఏమిటంటే, ఆ జాబితా గామా పొట్టది కాదు, రాజుగారి పద్దుది. వస్తాదు పేరు మీద వచ్చిన సరుకులో అతనితో కుస్తీ పట్టే కుర్రాళ్ల వాటా కూడా ఉండి ఉంటుంది. పైగా మా వస్తాదు ఇంత తింటాడు అని చెప్పుకోవడం రాజుకీ గొప్పే, వస్తాదుకీ గొప్పే. అంకె తగ్గించి చెప్పడంలో ఎవరికీ లాభం లేదు.

ఇంత తిన్నా గామా కొండలాంటి మనిషి కాదు. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలకి కాస్త అటూ ఇటూ. లండన్ వెళ్లేనాటికి బరువు 200 పౌండ్లు, అంటే 90 కిలోలు. ఇవాళ మన హెల్త్ సెంటర్ చార్టులో ఈ అంకెలు పెడితే బీఎంఐ 31 దాటుతుంది. ఊబకాయం అని రాసిచ్చి, వాకింగ్ చెయ్యమంటారు.

అతని ఎదురుగా నిజంగా కొండలాంటివాడు ఒకడు వచ్చాడు. గుజ్రాన్‌వాలాకి చెందిన రహీం బక్ష్ సుల్తానీవాలా. ఏడడుగులకి దగ్గర ఎత్తు, దేశంలోనే పేరున్న వస్తాదు. 1895లో, పదిహేడేళ్ల గామా అతనితో గోదాలోకి దిగాడు. చూసినవాళ్లు కుర్రాడు నిమిషాల్లో పోతాడనుకున్నారు. కుస్తీ గంటల పాటు సాగింది. గామా ముక్కులోంచి, చెవుల్లోంచి నెత్తురు కారింది. అయినా పడలేదు. పోటీ ఎటూ తేలలేదు. తేలని ఆ పోటీతోనే గామా పేరు దేశమంతా పాకింది. తర్వాతి పదిహేనేళ్లలో రహీం తప్ప పేరున్న వస్తాదులందర్నీ ఓడించాడు.

1910లో తమ్ముడు ఇమాం బక్ష్‌తో కలిసి ఇంగ్లండ్‌కి ఓడెక్కాడు. బెంజమిన్ అనే నిర్వాహకుడు తీసుకెళ్లాడు. అక్కడ టోర్నమెంటువాళ్లు గామాని చూసి పొట్టివాడని చేర్చుకోలేదు. ఇన్నేళ్ల ఖురాకుతో ఒంటి బరువైతే పెరిగింది గానీ, ఎత్తుకి ఏ పాలూ పనిచెయ్యవు కదా. అప్పుడు గామా సవాలు విసిరాడు: ఏ బరువువాళ్లయినా సరే, ముగ్గుర్ని అరగంటలో పడగొడతానని. జనం ఇదేదో ప్రచారం కోసం అనుకున్నారు. చివరికి అమెరికన్ మల్లుడు డాక్టర్ రోలర్ ముందుకొచ్చాడు. గామా అతన్ని మొదటిసారి రెండు నిమిషాల్లోపు, రెండోసారి పది నిమిషాల్లోపు పడేశాడు. అప్పుడు గానీ తలుపులు తెరుచుకోలేదు.

సెప్టెంబర్ 10న పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జ్బిస్కోతో జాన్ బుల్ ప్రపంచ టైటిల్ పోటీ. గెలిచినవాడికి 250 పౌండ్లు, ఒక బెల్టు. జ్బిస్కో గామా కంటే బాగా బరువైనవాడు. ఆ బరువుని అతను వాడుకున్న తీరు చూడండి. మొదట్లోనే గామా కిందపడేస్తే, బోర్లా పడుకుని చాపకి అతుక్కుపోయాడు. లేవడు. వెల్లకిలా తిప్పితే గానీ గెలుపు కాదు, తిప్పడానికి కుదరదు. రెండున్నర గంటలకి పైగా ఇదే తంతు. జనానికి విసుగొచ్చింది. పోటీ డ్రా అయింది. వారం తర్వాత, సెప్టెంబర్ 17న, మళ్లీ పెట్టారు. జ్బిస్కో రాలేదు. గామాని విజేతగా ప్రకటించారు. మాకు సివిల్‌లో డెడ్ లోడ్ అని ఒక పాఠం ఉంది, ఈ కుస్తీ గురించి చదివాక అది బాగా అర్థమైంది.

ఇండియాకి తిరిగొచ్చాక కొంతకాలానికి అలహాబాద్‌లో రహీంతో మళ్లీ తలపడ్డాడు. చాలాసేపు పోరాడాక రహీం పక్కటెముకల నొప్పితో తప్పుకున్నాడు. గామా రుస్తుం-ఎ-హింద్ అయ్యాడు.

ఇదే కాలంలో మనవైపు, 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు కూడా దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. శాకాహారి. అతన్ని పోషించింది ముఖ్యంగా సర్కస్ టికెట్లు కొన్న జనం, గామాని పోషించింది రాజులు. టికెట్ కొన్నవాడికి ఆ పూట ఆ గుడారంలోనే చూపించాలి. రాజుకైతే అవసరమైన రోజున చూపిస్తే చాలు. రామమూర్తి గురించి విడిగా ఒక వ్యాసం రాయాలి, ఇక్కడ చోటు చాలదు.

గామా విషయంలో ఆ అవసరమైన రోజు మళ్లీ చాలా ఏళ్లకి గానీ రాలేదు. అతనితో కుస్తీకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. పాలు మాత్రం ఆగలేదు, బస్కీలూ ఆగలేదు. పోటీ ఉన్నా లేకపోయినా ఒంటిని అదే స్థాయిలో నిలబెట్టుకోవాలి. ఇప్పుడు ఆశ్రయం పటియాలా మహారాజు భూపిందర్ సింగ్‌ది. 1928 జనవరిలో ఆయన పటియాలాలో జ్బిస్కోని పిలిపించి పోటీ పెట్టాడు. వేలాదిమంది జనం. గామాకి యాభై దగ్గర పడుతున్నాయి. లండన్‌లో రెండున్నర గంటలు తిప్పలేకపోయిన మనిషిని ఈసారి నిమిషం లోపే పడగొట్టాడు. మహారాజు వెండి గద ఇచ్చాడు. పద్దెనిమిదేళ్ల ఖురాకు, నిమిషం కూడా పట్టని కుస్తీ! నాకైతే ఈ ఘట్టం దగ్గర గామా మీదకంటే ఆ బిల్లులు కట్టినవాళ్ల మీద ఎక్కువ ఆశ్చర్యం కలిగింది. మరుసటి ఏడాది జెస్సీ పీటర్సన్ అనే మల్లుణ్ణి కూడా రెండు నిమిషాల లోపే ఓడించాడు. చెప్పుకోదగ్గ పోటీలు అక్కడితో సరి.

1947 వచ్చింది. దేశం రెండు ముక్కలైంది. గామా లాహోర్‌లో ఉన్నాడు. తన వీధిలోని హిందూ కుటుంబాల మీదికి గుంపులు వస్తే, దాదాపు డెబ్భై ఏళ్ల ఆ మనిషి తన శిష్యులతో అడ్డంగా నిలబడ్డాడని, తర్వాత ఆ కుటుంబాలకి దారి ఖర్చులూ తిండిసామానూ ఇచ్చి సరిహద్దు దాటించాడని చెబుతారు. పెంచిన ఒళ్లు గోదా బయట పనికొచ్చిన సందర్భం ఆయన జీవితంలో బహుశా అదొక్కటే.

కానీ సరిహద్దుతో పాటు పాల ఖాతా కూడా తెగిపోయింది. పటియాలా అటువైపు ఉండిపోయింది. కొద్దికాలంలోనే సంస్థానాలే లేకుండా పోయాయి. వస్తాదుల ఖురాకు కట్టే ఖజానాలు మూతపడ్డాయి. రాజుల లెక్క ప్రకారం పెరిగిన ఒళ్లు అది. మామూలు ఇంటి ఆదాయంతో దాన్ని నిలబెట్టడం ఎవరివల్లా కాదు. దీనికితోడు కొడుకులు ఒక్కొక్కరే చిన్నతనంలోనే పోయారు. ముసలితనంలో గుండెజబ్బు, ఆయాసం పట్టుకున్నాయి. ఒకప్పుడు నలభైమందితో వరుసగా కుస్తీ పట్టిన మనిషికి నాలుగడుగులు నడిస్తే ఊపిరి అందేది కాదు.

ఆయన ఇబ్బందుల్లో ఉన్నాడని తెలిసి, సరిహద్దుకి ఇటువైపు నుంచి కుస్తీ అంటే ఇష్టమున్న పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా కొంత సొమ్ము పంపి, నెలనెలా పింఛను ఏర్పాటు చేశాడు. పాకిస్తాన్ ప్రభుత్వం కూడా కొంత సాయం చేసింది. ఆ డబ్బు ఇప్పుడు పాలకీ బాదానికీ కాదు, మందులకి.

1960 మే 23న లాహోర్‌లో గామా చనిపోయాడు. అప్పటికి తమ్ముడు ఇమాం బక్ష్ కొడుకులు, భోలూ అన్నదమ్ములు, గోదాలోకి దిగి చాలా ఏళ్లయింది.